పాచి పట్టనివ్వకండి: ఆహారం తాకే చోట బయోఫిల్మ్‌ని ఆపడం ఎలా

పొద్దున్నే లేవగానే నాలుకతో పళ్ళు తడిమితే జారుడుగా ఒక పొర తగులుతుంది. పాచి అంటాం. సైన్సులో బయోఫిల్మ్ అనేది కూడా దాన్నే. 1683లో లేవన్‌హుక్ అనే డచ్చి ఆయన తన పళ్ళ సందుల్లోంచి ఆ తెల్లటి పదార్థాన్ని గీకి, సొంతంగా తయారుచేసుకున్న సూక్ష్మదర్శినిలో పెట్టి చూస్తే, అందులో బోలెడన్ని చిన్న చిన్న ప్రాణులు చకచకా కదులుతూ కనిపించాయట. ఆ సంగతి లండన్‌లోని రాయల్ సొసైటీకి ఉత్తరం రాసి మరీ చెప్పాడు.

ఆ పాచి నోట్లోనే కాదు, తడి, తిండి రెండూ దొరికే ప్రతిచోటా పడుతుంది. కటింగ్ బోర్డు గాట్లలో, మిక్సీ మూత లోపలి రబ్బరు కింద, సింక్ గొట్టంలో, పాలు పారే పైపులో, మాంసం కోసే మెషీన్ బ్లేడు వెనక. పళ్ళ పాచి పోవాలంటే బ్రష్ పట్టుకుని తోముతాం, కాస్త మౌత్‌వాష్ పుక్కిలించి ఊసేస్తే చాలని ఎవరూ అనుకోరు. కానీ ఆహారం తాకే స్టీలు, ప్లాస్టిక్ దగ్గరికి వచ్చేసరికి చాలామంది చేసేది అదే. తోమకుండానే శానిటైజర్ స్ప్రే కొట్టి, శుభ్రం అయిపోయిందనుకుంటారు. ఆహార యూనిట్లలో శుభ్రత పని చూసేవాడిగా నేను ఎక్కువసార్లు చూసిన తప్పు ఇదే. దీన్ని ఎలా సరిచేయాలో వివరంగా రాస్తున్నాను. ఇంటి వంటగదికీ, హోటల్ కిచెన్‌కీ, పెద్ద ప్లాంటుకీ సూత్రం ఒకటే, సామాన్లే మారతాయి.

అసలు ఆ పొర ఎలా పడుతుంది

మీరు కడిగి పెట్టిన స్టీలు పళ్ళెం మీద ఆహారం తగిలిన కొద్దిసేపటికే కంటికి కనపడని ప్రొటీన్, కొవ్వు అణువులు అంటుకుంటాయి. దాని మీద బ్యాక్టీరియా వచ్చి వాలుతుంది. ఒక్కోటి ఒకటి రెండు మైక్రాన్ల పొడవు, అంటే మిల్లీమీటర్‌లో వెయ్యో వంతు చొప్పున లెక్క. మొదట్లో దాని పట్టు చాలా వదులు. గట్టిగా నీళ్ళు పారితే కొట్టుకుపోతుంది. కొన్ని గంటలు వదిలేస్తే మాత్రం అది తన చుట్టూ జిగురు స్రవించడం మొదలుపెడుతుంది. ఆ జిగురులో చక్కెర గొలుసులు, ప్రొటీన్లు, చచ్చిన కణాల నుంచి వచ్చిన డీఎన్‌ఏ కూడా ఉంటాయి. ఒకట్రెండు రోజులకు చిన్న చిన్న గుంపులు తయారవుతాయి, ఇంకొన్నాళ్ళకు నీటి కాలవలతో సహా పెద్ద కాలనీ లేస్తుంది. అక్కడితో ఆగదు. ముదిరిన పొరలోంచి ముక్కలు ఊడి తర్వాతి ఆహారంలో పడతాయి. పొద్దున చేసిన బ్యాచ్ బాగుండి, మధ్యాహ్నం బ్యాచ్ పాడవడానికి ఇదీ ఒక కారణం.

జిగురు లోపల ఉన్న బ్యాక్టీరియాని చంపడం ఎందుకంత కష్టం? క్లోరిన్ లాంటివి పై పొరలోని జిగురుతోనే రియాక్షన్ జరిపి అక్కడే ఖర్చయిపోతాయి, లోపలికి చేరేసరికి బలం ఉండదు. పైగా అడుగున ఉన్న కణాలు తిండి సరిగా అందక దాదాపు నిద్రలో ఉంటాయి, నిద్రలో ఉన్నదానికి మందు సరిగా పట్టదు. నీళ్ళలో విడిగా తేలే అదే బ్యాక్టీరియాతో పోలిస్తే పొరలో ఉన్నది కొన్ని సందర్భాల్లో వెయ్యి రెట్ల దాకా తట్టుకుంటుంది. అందుకే మొదటి కొన్ని గంటలే మన చేతిలో ఉన్న సమయం. గోటితో పోయేదాన్ని గొడ్డలిదాకా తెచ్చుకోవడం అంటే సరిగ్గా ఇదే.

ఇలా పొర కట్టే బ్యాక్టీరియాల్లో కొన్నిటి స్వభావం తెలిసి ఉంటే పని సులువు. రోగం తెచ్చే లిస్టీరియాకి చలి లెక్కలేదు, ఫ్రిజ్‌లో కూడా నెమ్మదిగా పెరుగుతుంది, ఒకసారి స్థిరపడితే అదే ప్లాంటులో ఏళ్ళ తరబడి ఉంటుంది. సాల్మొనెల్లా ఎండిపోయిన చోట కూడా చాలాకాలం బతికి ఉండగలదు. బాసిల్లస్ సిరియస్ స్పోర్లు (గట్టి పెంకుతో నిద్రలో ఉండే రూపం) వేడిని తట్టుకుంటాయి, పాల పైపుల్లో గట్టిగా అంటుకుంటాయి. సూడోమోనాస్ ఎక్కువగా ఆహారాన్ని పాడుచేసే రకమే గానీ జిగురు తయారుచేయడంలో దాన్ని మించింది లేదు, లిస్టీరియా లాంటివి వెళ్ళి ఆ జిగురులో తలదాచుకుంటాయి. కాబట్టి ఎక్కడైనా జారుడు కనిపిస్తే, అందులో ఏ బ్యాక్టీరియా ఉందో తేలేదాకా ఆగకండి, వెంటనే తీసేయండి.

కడిగే వరుస

ముందు పొడిగా ఊడ్చేయండి. ముక్కలు, తుక్కు, పిండి, కొవ్వు గడ్డలు చేత్తోనో గీకుడు బద్దతోనో తీసేసి డబ్బాలో వేయండి. తుక్కు మీదే పైపు పెట్టి కొడితే అది గదంతా చెదురుతుంది, డ్రెయిన్‌లోకి పోయి అక్కడి బ్యాక్టీరియాకి మేత అవుతుంది.

తర్వాత గోరువెచ్చని నీళ్ళు. ఇక్కడ చాలామంది పొరపాటు చేస్తారు, బాగా వేడి నీళ్ళయితే బాగా పోతుందనుకుంటారు. గుడ్డు తెల్లసొన వేడికి గట్టిపడి పెనానికి ఎలా అంటుకుంటుందో పాల ప్రొటీన్, మాంసం రసం కూడా మరిగే నీళ్ళు తగిలితే స్టీలుకి అలాగే ఉడికి అతుక్కుంటాయి. చెయ్యి పెట్టగలిగేంత వేడి, సుమారు 40 నుంచి 45 డిగ్రీలు, ఈ మొదటి కడుగుడికి సరిపోతుంది. కొవ్వు కరుగుతుంది, ప్రొటీన్ ఉడకదు.

ఇప్పుడు డిటర్జెంట్, రుద్దడం. అసలు పని జరిగేది ఇక్కడే, టైమ్ ఎక్కువ ఇవ్వాల్సింది కూడా దీనికే. శుభ్రత పనిలో హెర్బర్ట్ సిన్నర్ అనే జర్మన్ కెమిస్టు పేరుతో ఒక వృత్తం చెప్తారు: సమయం, రాపిడి, రసాయనం, వేడి. ఈ నాలుగూ కలిసి పనిచేస్తాయి, ఒకటి తగ్గితే మిగతావి పెంచుకోవాలి. పైపు లోపలికి బ్రష్ వెళ్ళదు కాబట్టి అక్కడ రసాయనం, వేడి, నీటి వేగం పెంచుతారు. చేతికి అందే చోట మాత్రం రాపిడిని మించింది లేదు, బ్రష్‌తో అన్ని వైపుల నుంచీ, మూలల్లో ప్రత్యేకంగా తోమాలి. నురగ రకం డిటర్జెంట్ అయితే వేసి పది నిమిషాల పాటు ఉంచి రుద్దండి, కానీ ఎండిపోనివ్వద్దు, ఎండితే మురికి మళ్ళీ అక్కడే కూర్చుంటుంది. స్టీలు పీచు వాడకండి. అది గీసిన గీతల్లోనే రేపు పాచి పడుతుంది. నైలాన్ బ్రష్ చాలు.

డిటర్జెంట్‌ని నీళ్ళతో పూర్తిగా కడిగేయండి. మామూలు సబ్బు మిగిలి ఉంటే దాని మీద వేసిన క్వాట్ (క్వాటర్నరీ అమోనియం) రకం శానిటైజర్ పనిచేయదు, రెండూ ఒకదాన్నొకటి పట్టుకుని నిర్వీర్యం అయిపోతాయి. కడిగాక కంటితో చూడండి, వేలితో తడమండి. జారుడు తగిలితే శానిటైజర్ జోలికి వెళ్ళకండి, మళ్ళీ మొదటినుంచి తోమండి.

ఆ తర్వాతే శానిటైజర్. బ్లీచ్ వాడేవాళ్ళకి ఒక లెక్క: 5 శాతం క్లోరిన్ ఉన్న బ్లీచ్ అయితే లీటరు నీటికి 4 మిల్లీలీటర్లు కలిపితే 200 పీపీఎం (పది లక్షల వంతుల్లో 200) వస్తుంది. 2 మిల్లీలీటర్లయితే 100 పీపీఎం. మామూలుగా శుభ్రంగా ఉన్న స్టీలుకి 100 చాలు, కడగకుండా వదిలేసే చోట 200 దాటకూడదు. ముందు సీసా మీద శాతం ఎంత ఉందో చూసుకోండి, అన్ని బ్లీచ్‌లూ ఒకే బలంతో రావు, పైగా తెరిచిన సీసా రోజులు గడిచేకొద్దీ బలం పోగొట్టుకుంటుంది. సువాసన కలిపిన బ్లీచ్ ఆహారం తాకే చోటికి వద్దు. కలిపిన నీళ్ళు ఏ రోజుకారోజు కొత్తగా కలుపుకోండి, చల్లటి నీళ్ళలోనే కలపండి. డోసు సరిగా ఉందో లేదో కాగితపు టెస్ట్ స్ట్రిప్ ముంచితే క్షణాల్లో తెలిసిపోతుంది, ఇది కొనడంలో మాత్రం బద్ధకించకండి. మందు వేసిన వెంటనే తుడిచేస్తే లాభం లేదు, లేబుల్ మీద ఎన్ని నిమిషాలని ఉందో అంతసేపూ ఆ చోటు తడిగా ఉండాలి.

బ్లీచ్‌లో యాసిడ్ గానీ, టాయిలెట్ క్లీనర్ గానీ, అమోనియా ఉన్నదేదీ గానీ ఎప్పుడూ కలపకండి. యాసిడ్ కలిస్తే క్లోరిన్ గ్యాస్ వస్తుంది, అమోనియా కలిస్తే క్లోరమిన్ గ్యాస్ వస్తుంది. రెండూ ఊపిరితిత్తులకి ప్రమాదం. మూసిన గదిలో అయితే ప్రాణం మీదికి వస్తుంది.

చివరగా ఆరనివ్వండి. దీన్ని ఒక పనిగా ఎవరూ లెక్కపెట్టరు, నా దృష్టిలో మాత్రం తోమడం తర్వాత అంత ముఖ్యమైంది ఇదే. నీళ్ళు లేకపోతే పొర పెరగదు. కడిగిన గిన్నెలు ఒకదానిలో ఒకటి దూర్చి పెడితే మధ్యలో తడి ఉండిపోతుంది, బోర్లించి విడివిడిగా గాలి తగిలేలా పెట్టండి. తడిగుడ్డతో తుడవకండి, ఆ గుడ్డలోనే పాచి ఉంటుంది.

విప్పకుండా కడగడం కుదరదు

ఒక యూనిట్‌లో ఒకే కన్వేయర్ బెల్టు దగ్గర తీసిన స్వాబ్‌లో (దూదిపుల్లతో రుద్ది తీసే శాంపిల్) లిస్టీరియా జాతి బ్యాక్టీరియా వరుసగా కనిపిస్తూ వచ్చింది. ప్రతిసారీ శానిటైజర్ ఇంకోసారి కొట్టేవాళ్ళం. రెండు రోజులు బాగుండేది, మూడోరోజు మళ్ళీ పాజిటివ్. టీమ్ మొత్తానికీ టెన్షన్. కడిగేవాళ్ళు సరిగా కడగడం లేదని మాటలు కూడా వచ్చాయి, వాళ్ళేమో రాత్రి రెండింటిదాకా తోముతూనే ఉన్నారు. నాలుగో వారం బెల్టు ఊడదీసి, కింద ఉన్న రోలర్లని ఒక్కోటి విప్పించాం. బోలుగా ఉండే రోలర్లు అవి, రెండు చివర్లా మూత వెల్డ్ చేసి ఉంటుంది. ఒకదాని వెల్డింగ్ దగ్గర వెంట్రుకంత సందు కనిపించింది. రోలర్‌ని చెవి దగ్గర పెట్టి ఊపితే లోపల నీళ్ళు గలగలమన్నాయి. మూత కోయిస్తే బూడిదరంగు నీళ్ళు, అడుగున వేలికి గంజిలా సాగే జిగురు, ముక్కు పగిలే వాసన. రాత్రి కడిగినప్పుడల్లా ఆ సందులోంచి నీళ్ళు లోపలికి పోతున్నాయి, పొద్దున బెల్టు తిరగడం మొదలయ్యాక చుక్క చుక్కగా బయటికి వస్తున్నాయి. మనుషుల తప్పేం లేదు. బోలు రోలర్లు తీసేసి గట్టివి వేయించాక గానీ ఆ లైను బాగుపడలేదు. రాత్రిళ్ళు కష్టపడ్డ వాళ్ళని అన్న మాటలు తల్చుకుంటే నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

2008లో కెనడాలో వండకుండా నేరుగా తినే మాంసం స్లైసుల వల్ల లిస్టీరియా సోకి 20 మందికి పైగా చనిపోయారు. విచారణలో వేలు చూపించింది స్లైసింగ్ మెషీన్ల లోపలి భాగాల వైపే, మామూలు శుభ్రతలో చెయ్యి చేరని చోట్లలో మాంసం అవశేషాలు పేరుకుని ఉండొచ్చని. మెషీన్ బయటినుంచి ఎంత మెరిసినా లోపలి సంగతి విప్పితే గానీ తెలియదు.

ఇంట్లో అయితే ఈ రాత్రికే ఒక పని చేయండి. మిక్సీ మూతకున్న రబ్బరు రింగుని చెంచా తోకతో మెల్లగా లేపి బయటికి తీయండి. ఆ గాడిలో నల్లగానో గులాబీ రంగులోనో గీత కనిపిస్తే, వేలితో రాస్తే జారితే, అదే మనం మాట్లాడుకుంటున్నది. రింగునీ గాడినీ విడిగా పాత టూత్‌బ్రష్‌తో డిటర్జెంట్ వేసి తోమి, కడిగి, బ్లీచ్ నీళ్ళలో ఉంచి, మళ్ళీ కడిగి, పూర్తిగా ఆరాకే బిగించండి. నీళ్ళ సీసా మూత రబ్బరు, ఫ్రిజ్ తలుపు రబ్బరు మడతలు, కుళాయి చివర జల్లెడ, సింక్ డ్రెయిన్ మూత కూడా అలాగే. గిన్నెలు తోమే స్పాంజ్ పోయేదాకా వాడకండి, వాసన వచ్చిందంటే ఇక పారేయాల్సిందే. కటింగ్ బోర్డు మీద గోరు ఆడిస్తే తగులుకునేంత గాట్లు పడ్డాయంటే దాన్ని సరిగా కడగడం కుదరదు, చెక్కదైతే నున్నగా చిత్రిక పట్టించండి, ప్లాస్టిక్‌దైతే మార్చండి. పచ్చి మాంసానికి వేరే బోర్డు ఉండాలి.

పరికరాలు కొనేటప్పుడు

ఆహారం తాకే స్టీలు గరుకు 0.8 మైక్రాన్లు లేదా అంతకంటే తక్కువ ఉండాలని పరికరాల ప్రమాణాలు చెప్తాయి. బ్యాక్టీరియా సైజు ఒక మైక్రాన్ దగ్గర కాబట్టి, అది దూరి కూర్చునే గుంట ఉండకూడదన్నది లెక్క. 304 లేదా 316 గ్రేడు స్టీలు తీసుకోండి, ఉప్పు, పులుపు ఎక్కువ తగిలే చోట 316 మంచిది. మూలలు గుండ్రంగా ఉండాలి, వెల్డింగ్ సాపుగా రుద్ది ఉండాలి, బోల్టు మరలు ఆహారం వైపు కనపడకూడదు. పైపులో నీళ్ళు పారకుండా నిలిచిపోయే కొసలు ఉంటే కోయించేయండి. పగిలిన రబ్బరుకి టేపు చుట్టి నడిపించడం అన్నిటికంటే ఘోరం, టేపు జిగురు కిందే పొర పడుతుంది.

డ్రెయిన్లు, ప్రెషర్ పైపు

డ్రెయిన్‌లో లిస్టీరియా ఉంటుందనే అనుకుని పని చేయండి. ప్రెషర్ పైపుతో డ్రెయిన్‌ని కొడితే సన్నని తుంపర్లు గాల్లోకి లేచి, అప్పుడే శుభ్రం చేసిన టేబుల్ మీద పడతాయి. డ్రెయిన్ బ్రష్ రంగు వేరేగా ఉండాలి, అది మరో చోటికి రాకూడదు. ముందు డ్రెయిన్ సంగతి చూసుకుని ఆ తర్వాత మెషీన్లకి చివరి శానిటైజర్ వేయండి, తారుమారు చేయకండి.

పాలు, గట్టి నీళ్ళు

పాల పైపుల్లో, గట్టి నీళ్ళు (ఉప్పునీళ్ళు) వాడే చోట తెల్లగా గార కడుతుంది. కాల్షియం, ప్రొటీన్ కలిసిన ఆ గార కింద బ్యాక్టీరియా హాయిగా ఉంటుంది. డిటర్జెంట్ ఒక్కటే దాన్ని తీయలేదు. ముందు కాస్టిక్ సోడా ద్రావణం, సుమారు ఒక శాతం, 70 డిగ్రీల పైన వేడిలో, సెకనుకు 1.5 మీటర్ల వేగం తగ్గకుండా తిప్పాలి. మధ్యలో నీళ్ళు, తర్వాత యాసిడ్, మళ్ళీ నీళ్ళు. కాస్టిక్ కొవ్వునీ ప్రొటీన్‌నీ తీస్తుంది, యాసిడ్ గారని కరిగిస్తుంది. చేతి తొడుగులు, కళ్ళద్దాలు లేకుండా ఈ పని ముట్టుకోకండి.

ఎంత తరచుగా

పాడయ్యే ఆహారాన్ని గది వేడిలో కోసే బోర్డులు, కత్తులు, మెషీన్లని కనీసం నాలుగు గంటలకోసారి కడగాలని అమెరికా ఫుడ్ కోడ్ చెప్తుంది. పైన చెప్పిన పొర కథ గుర్తుంటే ఈ లెక్క ఎక్కడిదో అర్థమవుతుంది, జిగురు గట్టిపడకముందే పని ముగించాలి. షిఫ్ట్ అయిపోయాక రేపు పొద్దున కడుగుదాంలే అని రాత్రంతా వదిలేయడం అంటే ఆ పొరకి ఎనిమిది పది గంటలు బహుమతిగా ఇవ్వడమే.

ఇప్పటికే పట్టేస్తే

పాత పొరకి మామూలు డిటర్జెంట్ చాలదు. ప్రొటీన్‌ని, చక్కెర గొలుసుల్ని ముక్కలు చేసే ఎంజైమ్ క్లీనర్లు దొరుకుతాయి, వాటిని చెప్పిన వేడిలో, చెప్పినంతసేపు నానబెట్టి, ఆపైన తోమాలి. విప్పలేని మెషీన్లని కొందరు తేమ వేడిలో ఉంచి లోపలిదాకా వేడెక్కిస్తారు. అది పనిచేస్తుంది, కానీ ముందు వీలైనంత తోమి కడిగాకే. మురికి మీద ఆవిరి కొడితే అది అక్కడే కాలి అతుక్కుంటుంది.

పోయిందని ఎలా తెలుస్తుంది

టార్చ్ లైటు పక్కవాటుగా వేసి చూడండి, పై నుంచి వెలుగు పడితే కనపడని మెరుపు, మరకలు పక్కనుంచి బయటపడతాయి. 3 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్ చుక్క వేస్తే బుస్సుమని నురగ వచ్చిందంటే అక్కడ బ్యాక్టీరియానో ఆహారమో మిగిలి ఉన్నట్టు. నురగ రాకపోతే అంతా బాగుందని కాదు, కొన్ని రకాలకి నురగ రాదు. ఏటీపీ (జీవకణాల్లో, ఆహారంలో ఉండే పదార్థం) కొలిచే స్వాబ్ మెషీన్ ఉంటే కొన్ని క్షణాల్లోనే అంకె చూపిస్తుంది, అది కూడా మిగిలిన మురికినే కొలుస్తుంది గానీ రోగకారక బ్యాక్టీరియా ఉందో లేదో చెప్పదు. దానికి ల్యాబ్‌కి పంపే స్వాబ్ కావాలి. ఆ స్వాబ్‌ని శానిటైజర్ వేసిన వెంటనే తీయకండి. పని మొదలై మూడు నాలుగు గంటలు గడిచాక, మెషీన్లు తిరిగి దాక్కున్నది బయటికి వచ్చాక తీయండి. మా రోలర్ సంగతి బయటపడింది అలా తీసిన స్వాబుల వల్లే.

పాజిటివ్ వస్తే ఆ లైను ఆపండి, విప్పండి, ప్రతి భాగానికీ విడిగా స్వాబ్ తీసి పేరు రాసి పెట్టండి. ఏ భాగంలో వచ్చిందో తేలాక దాన్ని బాగుచేయండి లేదా మార్చండి, కడిగి బిగించాక వరుసగా మూడు రోజులు అదే చోట, అదే టైముకి స్వాబ్ తీయండి. మూడూ నెగెటివ్ వస్తే మళ్ళీ వారానికోసారి స్వాబ్ తీసే మామూలు పద్ధతికి వెళ్ళొచ్చు. మూడిట్లో ఒక్కటి పాజిటివ్ వచ్చినా ఇంకా విప్పని భాగం ఏదో మిగిలి ఉంది, స్పానర్ తీసుకుని మళ్ళీ మొదలుపెట్టండి.